నోట్లో నానిన నువ్వుగింజ

బస్టాండులో ఎంక్వైరీ కౌంటర్ వెనక కూర్చునే ఆవిణ్ణి ఇంటిల్లిపాదీ ఎంక్వైరీ పిన్ని అంటారు. అక్క కూతురు చిన్నప్పుడెప్పుడో పెట్టిన పేరది. ఇంత చక్కగా అతికే పేరు మనకెవరికీ తోచలేదేమిటా అని పెద్దవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. పగలంతా గాజుపలక వెనక కూర్చుని ఊళ్లో జనానికి జవాబులు చెప్పడం ఆవిడ ఉద్యోగం. డ్యూటీ దిగాక ఆ జవాబులకు సరిపడా ప్రశ్నలు వడ్డీతో సహా రాబట్టుకోవడం ఆవిడ వ్యసనం. పక్కింటివాళ్లు కొత్త మంచం ఎవరికోసం కొన్నారు, ఎదురింటి కోడలు సంచీ కూడా లేకుండా ఎందుకొచ్చింది, మేడమీద గదిలో పట్టపగలు లైటెందుకు వెలుగుతోంది, ఇవన్నీ తేలితేగాని ఆవిడకు ముద్ద దిగదు. పోనీ, తెలుసుకుని ఊరుకుంటుందా అంటే అదీ లేదు. ఆ నోట్లో నువ్వుగింజ నానదు. ఇదేం పాడలవాటే అని మొగుడు విసుక్కుంటే, అడక్కపోతే అమ్మయినా పెట్టదు, తెలుసా అని ఎదురు తిరిగేది.

అయితే ఒక చిత్రం ఉంది. కౌంటర్లో కూర్చున్నంతసేపూ ఆవిడ ఎవర్నీ ఎందుకని అడగదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పని నేర్పిన పెద్దాయన ఒకటే మాట చెప్పాడు. ఎక్కడికి, ఎప్పుడు, ఏ ప్లాట్‌ఫాం, అంతవరకే మన పని. ఎందుకు అన్నది కిటికీకి అవతలి సంగతి. జైలుకెళ్లే తల్లి ఉంటుంది, కోర్టుకెళ్లే మొగుడుంటాడు, ఎవరికీ చెప్పకుండా లేచిపోయే జంట ఉంటుంది. ఎందుకని అడిగావో, వాళ్లు మళ్లీ ఈ కిటికీ దగ్గరికి రారు. ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. తెలియదు అని మాత్రం అనొద్దు, కనుక్కుని చెప్తా అను. ఈ రెండు మాటలనీ ఆవిడ కళ్లకద్దుకుని పాటించింది. బస్టాండు గేటు దాటగానే మొదటిది మర్చిపోయేది, అంతే తేడా.

కౌంటర్లో ఆవిడ ముందు వంకర మెడ మైకు ఒకటుంటుంది. బస్సు ప్లాట్‌ఫాం మీదికి వచ్చినప్పుడల్లా మీట నొక్కి చెప్పాలి. ఆ మీట వదులైపోయింది. మోచెయ్యి ఆనినా చాలు, ఆన్ అయిపోతుంది. బాగుచేయించండి బాబూ అని ఆవిడ మొత్తుకుంటూనే ఉంది, పైవాళ్లు తల ఊపుతూనే ఉన్నారు. తల ఊపడానికి పెద్ద ఖర్చేం ఉండదు కదా.

ఆ సోమవారం పొద్దున కిటికీ ముందు జనం తోసుకుంటున్నారు. ఆవిడ తల వంచుకుని టైములు సరిచూసుకుంటుంటే, గాజుపలక కన్నంలోంచి ఒక సన్నటి గొంతు పెద్దాసుపత్రికి ఏ బస్సని అడిగింది. నాలుగో ప్లాట్‌ఫాం, పావుగంటకొకటి అని అలవాటుగా జవాబు చెప్పేసి తలెత్తింది. ఎదురుగా ఉన్నది అక్క కూతురు, పిట్ట.

పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని పెట్టిన ముద్దుపేరు, పెరిగినా వదల్లేదు. ఇరవై దాటాయి, కళ్లజోళ్ల దుకాణంలో ఫ్రేములు అమర్చే ఉద్యోగం చేస్తోంది. ఎవరు కనబడ్డా ముందు ముక్కు చూస్తుంది. ఈయన ముక్కు మీద ఏ ఫ్రేమూ నిలవదు, ఈవిడ చెవులు ఒకటి పైకి ఒకటి కిందకి అని పెళ్లిళ్లలో గుసగుసగా వ్యాఖ్యానం చెప్పి పిన్నిని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించేది. అలాంటి పిల్ల ఇవాళ కిటికీ ముందు ఎవరో పరాయి ప్యాసింజరులా నిలబడింది. పనికెళ్లే పూట తలస్నానం చేసింది. జుట్టులోంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. పుట్టి పెరిగిన ఊళ్లో పెద్దాసుపత్రికి ఏ బస్సెళ్తుందో ఈ పిల్లకు తెలియదా?

పిన్నికి పెద్దాయన చెప్పిన మాటలన్నీ గాలికెగిరిపోయాయి. కిటికీ మీదికి వాలిపోయి, పెద్దాసుపత్రికా, ఎవరికే, నీకేనా, ఏమైందే నీకు అని గడగడా అడిగేసింది. వాలడంలో మోచెయ్యి మీట మీద పడింది. ఏమైందే నీకు అన్న మాట బస్టాండులో ఉన్న లౌడుస్పీకర్లన్నిట్లోంచీ మోగింది. టీ కొట్టు దగ్గర నుంచి చివరి ప్లాట్‌ఫాం దాకా జనమంతా తలలు తిప్పి కిటికీ వైపు చూశారు. పిట్ట మొహం సున్నం కొట్టిన గోడలా తెల్లబోయింది. వెనక్కి తిరిగి, జనంలోంచి దారి చేసుకుని, ఆ నాలుగో ప్లాట్‌ఫాం వైపు కూడా వెళ్లకుండా గేటు దాటి పారిపోయింది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమన్నారు పెద్దలు. మైకులో జారిన నోటి గురించి వాళ్లకు తెలియదు పాపం.

ఆ రోజంతా పిన్ని జవాబులు చెప్పింది కానీ ఏ బస్సును ఎక్కడికి పంపిందో ఆవిడకే తెలియదు. చెయ్యి పదేపదే ఫోను మీదికి పోయింది. అక్కకు చేసి, నీ కూతురికేమైందే అని అడిగితే చిటికెలో తేలిపోతుంది. కానీ చెయ్యలేదు. అంత ఆరాటంలోనూ ఆవిడకొక సంగతి తట్టింది. అక్కకు తెలిసే ఉంటే పిట్ట బస్సు గురించి తననెందుకు అడుగుతుంది? తల్లికి చెప్పుకోలేని పని. మరి ఇంటికే వచ్చి, పిన్నీ ఇదీ సంగతి అని చెప్పొచ్చుగా. రాలేదు. లైన్లో నిలబడి, కిటికీ కన్నంలోంచి అడిగింది. అంటే పిట్ట పిన్ని దగ్గరికి కాదు వచ్చింది, కౌంటర్ దగ్గరికి వచ్చింది. ఎందుకని అడగని మనిషి ఊరంతటికీ ఆ కిటికీ వెనకే ఉందని వచ్చింది. తీరా వస్తే ఆ మనిషి ఊరందరికీ వినబడేలా అరిచింది. ఛీ, ఏం బతుకే నీది అని పిన్ని తనను తానే తిట్టుకుంది.

కౌంటర్లో ఇన్నేళ్లు కూర్చుని ఆవిడ నేర్చుకున్నది మరొకటుంది. జనం అసలు ప్రశ్న మొదటిసారే అడగరు. ముందు టైమెంత అంటారు, ఇక్కడ మంచినీళ్లెక్కడ అంటారు. కాసేపు చుట్టూ తిరిగి రెండోసారి వచ్చినప్పుడు అడిగేదే అసలు ప్రశ్న. పిట్ట రెండోసారి వస్తే బాగుండునని, ఎన్నడూ ఎవరికీ మొక్కని పిన్ని ఆ పూట గడియారానికే మొక్కింది. వస్తే మళ్లీ తన నోరే అడ్డం పడుతుందేమోనని భయపడి, మైకు తీగ పీకేసి, మైకును తీసి సొరుగులో పడేసింది.

సాయంత్రం లైను పలచబడ్డాక పిట్ట వచ్చింది. ముందు కిటికీ లోపలికి తొంగిచూసింది.

"మైకేదీ?"

"పీకేశా," అంది పిన్ని.

పిట్ట గాజుపలక మీద ఎవరో అంటించి చింపేసిన కాగితం ముక్కను గోటితో గీకుతూ మాట్లాడింది. తన ఫ్రెండు ఒకామె ఉందట. ఆ అమ్మాయి ఆసుపత్రికి వెళ్లాలనుకుంటోందట. పోలీసు కాగితం లేకుండా వెళ్తే చూస్తారా, చూసినా ఇంట్లోవాళ్లకు చెప్పేస్తారా? ఆ అమ్మాయి స్నానం చేసేసిందట, ఆ రోజు వేసుకున్న బట్టలు కూడా ఉతికి ఆరేసిందట. అలా చేశాక ఇక వెళ్లినా లాభం లేదా?

ఫ్రెండు అన్న మాట వినగానే ఆ ఫ్రెండెవరో పిన్నికి తెలిసిపోయింది. ఫలానావాళ్ల కోసం అంటూ అడిగేవాళ్లలో నూటికి తొంభైమంది తమకోసమే అడుగుతారు, ఈ కిటికీ దగ్గర అది రోజూ చూసే తంతే. స్నానం, ఉతికిన బట్టలు అనేసరికి మిగతాదీ తెలిసిపోయింది. కడుపులోంచి ప్రశ్నలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి వచ్చాయి. ఎవడు వాడు, ఎక్కడ, ఒక్కదానివే ఎందుకున్నావు, కేకెయ్యలేదా? వాటి వెనకే, చిన్నప్పట్నుంచీ ఇంట్లో ఆడపిల్లలందరికీ నూరిపోసిన పాత సామెత ఒకటి నాలుక చివరికొచ్చి కూర్చుంది. ముల్లొచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది అరిటాకేనట. ఎవడు కనిపెట్టాడోగాని, తరతరాలుగా అందరూ ఆకునే కూర్చోబెట్టి బుద్ధులు చెప్పారు. ముల్లును పిలిచి, ఏరా, ఏంటి నీ సంగతి అని అడిగిన నాథుడే లేడు. లోకంలో అన్నీ అడిగే తనకు కూడా ఇన్నాళ్లూ అది అడగాలని తోచలేదే అని పిన్నికి మొట్టమొదటిసారి అనిపించింది. సామెతను మింగేసింది. ప్రశ్నల్ని కూడా మింగేసింది. అవి దిగడానికి మాత్రం చాలా ఇబ్బంది పెట్టాయి.

"కనుక్కుని చెప్తా," అంది కౌంటర్ గొంతుతో. "నీ ఫ్రెండుకి ఈ రాత్రి భయం లేకుండా ఉండే చోటుందా?"

"ఉంది. ఇంట్లో ఏం భయం లేదు. దుకాణంలోనే..." అని పిట్ట ఆగిపోయింది.

పిన్ని ఆ ఆఖరి మాట విననట్టే సొరుగు సర్దుకుంది. విన్నది విననట్టు ఉండటం ఆవిడ జీవితంలో అదే మొదలు. పిట్ట వెళ్లిన మరుక్షణం కిటికీ మూసేసి, నాలుగో ప్లాట్‌ఫాం మీద బస్సెక్కింది.

పెద్దాసుపత్రిలో చీటీలు రాసే గుమాస్తా తలెత్తకుండానే, ఏంటమ్మా మీ బాధ అని గట్టిగా అడిగాడు. వెనక లైన్లో ఉన్న జనమంతా ఆవిడ బాధేమిటో వినడానికి చెవులు రిక్కించారు. పొద్దున తన నోట వచ్చిన మాటే అటు తిరిగి తనమీదికి వచ్చినట్టయింది పిన్నికి. ముందుకు వంగి, గొంతు తగ్గించి, ఒక అమ్మాయిమీద ఒకడు చెయ్యకూడనిది చేస్తే ఎవరితో మాట్లాడాలి అని అడిగింది. గుమాస్తా కలం కింద పెట్టేశాడు. మరో మాట అడక్కుండా లేచి, పక్క వరండాలోంచి ఆకుపచ్చ తెర కట్టిన గదికి తీసుకెళ్లి, ఎవరైనా వస్తే ఇక్కడ లైన్లో నిలబడక్కర్లేదు, తిన్నగా ఈ తలుపు కొట్టండి, సాంఘిక సేవ గది అని అడిగితే ఎవరైనా చూపిస్తారని చెప్పాడు.

లోపల ఒక లావుపాటి నర్సు ఉంది. కళ్లజోడు తాడుకు కట్టి మెళ్లో వేసుకుంది. పిన్నిని చూడగానే లేచి, కుర్చీ లాగి, గ్లాసుతో నీళ్లిచ్చి, తలుపు దగ్గరగా వేసింది.

"మీకు చెప్పాలనిపించినంతే చెప్పండమ్మా. జరిగినదాంట్లో మీ తప్పేం లేదు."

పిన్ని కంగారుపడిపోయింది. నాకు కాదమ్మా, మా అక్క కూ... కాదు, ఒక ఫ్రెండుకు అంది. నర్సు ఇంకా మెత్తగా, పర్వాలేదు, తొందరేం లేదు అంది. ఆవిడ కాదన్నకొద్దీ నర్సు గొంతులో జాలి పెరిగింది. ఇదేం గొడవరా బాబూ అని విసుగొచ్చి పిన్ని కుర్చీలో వెనక్కి వాలింది. ఏమీ జరగని తనకే, ఈ తెర వెనక, ఈ కుర్చీలో, చెప్పు అనేసరికి నోరెండిపోతోంది. మరి ఆ పిల్ల? ఆవిడకు దుఃఖం ముంచుకొచ్చింది, నీళ్లు తాగేసి దాన్ని కిందికి నెట్టింది. ఇక అప్పుడు మొదలుపెట్టింది అడగడం.

బతుకంతా ఆరాలు తీసి తీసి పదునెక్కిన నోరది, ఆ సాయంత్రం దానికి తగిన పని దొరికింది. పోలీసులకు చెప్పకపోయినా చూస్తారా? చూస్తాం, వైద్యం ముందు, కేసు పెట్టాలా వద్దా అన్నది ఆ అమ్మాయి ఇష్టం, పద్దెనిమిది నిండినదే కదా, చిన్నపిల్లలైతే మాత్రం మేం చెప్పి తీరాలి అంది నర్సు. ఇంట్లోవాళ్లకు? ఆమె చెప్పమంటేనే. స్నానం చేసేస్తే? చేసినా రమ్మనండి. ఉతికేసిన బట్టలైనా తెమ్మనండి, ప్లాస్టిక్ కవర్లో కాదు, కాగితం సంచీలో. డాక్టరు ఆడమనిషేనా? అవును. పరీక్ష మధ్యలో వద్దంటే? ఏ నిమిషాన వద్దంటే ఆ నిమిషాన ఆపేస్తాం, మొత్తంగా వద్దన్నా మందులివ్వడం మానం. తోడుగా ఒకరు ఉండొచ్చా? ఆమె ఎవరిని ఉండమంటే వాళ్లు. ఆ తర్వాత నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే? దానికీ మనిషి ఉంది, వారం వారం కూర్చుని మాట్లాడుతుంది, కేసుకూ దానికీ సంబంధం లేదు. ఇన్ని ప్రశ్నలు అడిగినవాళ్లు మీరొక్కరేనమ్మా అని చివరికి నర్సు నవ్వింది. మళ్లీ నవ్వాపి రెండు ముక్కలు గట్టిగా చెప్పింది. గర్భం రాకుండా, జబ్బులంటకుండా ఇచ్చే మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, కాబట్టి రేపు పొద్దున్నే తీసుకురండి. ఇంకోటి, ఎందుకెళ్లావు, ఎందుకరవలేదు అని మాత్రం అడక్కండి. ఆమె తనను తాను అది వెయ్యిసార్లు అడుక్కునే ఉంటుంది.

పిన్ని తల దించుకుంది. ఆ రెండు ప్రశ్నలూ ఇందాక గొంతుదాకా వచ్చినవే.

అక్కణ్నుంచి పోలీస్ స్టేషన్ కూతవేటు దూరం. అక్కడ ఆడవాళ్ల ఫిర్యాదులు తీసుకునే బల్ల దగ్గర ఒక ఇన్‌స్పెక్టరమ్మ ఉంది, చెయ్యి తిరిగిన దర్జీలా చకచకా కాగితాలకు పిన్నులు గుచ్చుతోంది. ఆవిడ కూడా పిన్నిని చూసి కుర్చీ లాగింది. ఈసారి పిన్ని కాదు కూడదని వాదించలేదు, కూర్చుని పని కానిచ్చింది. ఏ స్టేషన్లో చెప్పినా రాసుకుంటారు, మా పరిధి కాదని తిప్పి పంపకూడదు. రుజువు పట్టుకొస్తేనే రాస్తామనడం లేదు, రుజువు వెతకడం పోలీసుల పని. ఆ అమ్మాయి ఇక్కడికి రాలేనంటే తామే ఇంటికో, ఆసుపత్రికో వస్తారు. రాసింది చదివి వినిపిస్తారు, నకలు ఊరికే ఇస్తారు. పేరు పేపర్లకెక్కదు. లాయరును ఖర్చు లేకుండా పెట్టుకోవచ్చు. ఇవాళే చెప్పాలని లేదు, ఆలస్యమైనా చెప్పొచ్చు, ముందే చెబితే పని సులువు. ఇవన్నీ చెప్పి ఇన్‌స్పెక్టరమ్మ పిన్నును కాగితంలో గుచ్చుతూ ఆఖరుమాట అంది.

"మీరు లాక్కురావద్దు. నడిచి రావాల్సింది తనే."

ఇంటికొచ్చేసరికి అక్క ఫోను. పిట్ట నిన్నట్నుంచి సరిగా తినడం లేదట, అడిగితే తలనొప్పంటోందట. నీకేమైనా తెలుసా, నీకు తెలియనిదేముంటుంది అంది అక్క. పిన్ని నోటినిండా ఆ సంగతే ఉంది. నాలుక కొద్దిగా కదిలిస్తే చాలు, జారి పడుతుంది. పైగా తల్లి అడుగుతోంది, తల్లికి చెప్పడం తప్పేం కాదని మనసు సర్దిచెప్పడం కూడా మొదలుపెట్టింది. కానీ బస్టాండులో జనమంతా తలలు తిప్పినప్పటి పిట్ట మొహం కళ్లముందుకొచ్చింది. ఈ పిల్ల మూడోసారి ఎక్కడికీ రాదు. ఇంకొక్కసారి నోరు జారితే ఆసుపత్రి లేదు, పోలీసు లేదు, ఏమీ లేదు.

"తెలియదక్కా," అంది.

ఆ మాట ఆవిడ నోట్లోంచి రావడం అక్క ఎన్నడూ వినలేదు. నీకు తెలియకపోవడమేమిటే, ఒంట్లో బాగుందా అని అడిగి, ఒకవేళ జ్వరమేమో చూసుకోమని సలహా ఇచ్చి ఫోను పెట్టేసింది.

తెల్లారి పిన్ని సెలవు పెట్టింది. పిట్టను కౌంటర్ దగ్గరికి కాకుండా నాలుగో ప్లాట్‌ఫాం చివర బల్ల దగ్గరికి రమ్మంది. వచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని, ఎదుటి బస్సు చక్రాల వైపు చూస్తూ, రోజూ రూట్లు చెప్పే గొంతుతోనే చెప్పుకుపోయింది. నీ ఫ్రెండును చీటీల లైన్లో నిలబడొద్దను. పక్క వరండా, ఆకుపచ్చ తెర. లోపల లావుపాటి సిస్టరుంటుంది, మంచిది, ముందు నీళ్లిస్తుంది. ఇలా మొదలుపెట్టి, విన్నదంతా ఎక్కడా మలుపు తప్పకుండా దారి చూపించినట్టు చూపించింది. పిట్ట మధ్యలో అడ్డొచ్చి, ఆ అమ్మాయి కేసు వద్దంటే అని అడిగింది. మందులిచ్చి పంపిస్తారు. పెడతానంటే? ఇన్‌స్పెక్టరమ్మ అక్కడికే వస్తుంది. ఇవాళ వద్దని, నెల తర్వాత పెడతానంటే? అప్పుడూ రాసుకుంటారు. ప్రశ్నలు అడగడంలో ఇది నా పోలికే అని అంత బాధలోనూ పిన్నికి ముచ్చటేసింది.

బస్సొచ్చి ఆగింది. పిట్ట లేవలేదు.

"పిన్నీ, ఫ్రెండెవరూ లేరు."

"తెలుసే."

"అమ్మకి చెబితే ముందు ఏడుస్తుంది. నాన్న కత్తి తీస్తాడు. నీకు చెబితే కనుక్కుంటావు," అని పిట్ట తన సంచీ తెరిచి చూపించింది. అందులో ఒక ప్లాస్టిక్ కవర్లో ఉతికి మడతపెట్టిన బట్టలున్నాయి. పిన్ని తను తెచ్చిన కాగితం సంచీ అందించింది. పిట్ట బట్టల్ని అక్కడే అందులోకి మార్చింది. ఇద్దరూ బస్సెక్కారు.

ఆసుపత్రిలో నర్సు పిట్టను చూసింది, పిన్నిని చూసింది, కళ్లజోడు తుడుచుకుంది. పరీక్ష జరిగినంతసేపూ పిట్ట పిన్నిని తలవైపు నిలబడమంది. పిన్ని నిలబడి, చెయ్యి పట్టుకుని, గోడమీది కిటికీ చువ్వలు చూస్తూ ఉండిపోయింది. ఒకచోట పిట్ట ఆపండి అంది. డాక్టరమ్మ వెంటనే చేతులు వెనక్కి తీసుకుంది. నిజంగానే ఆపేశారు. పిట్ట కళ్లు పెద్దవి చేసుకుని చూసి, కొంతసేపటికి తనే మళ్లీ సరే అంది. ఆపమంటే ఆగడం ఆ పిల్లకు ఎంత కావాల్సొచ్చిందో పిన్నికి అర్థమై, చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

మందులిచ్చాక నర్సు, ఇక ఇంటికెళ్లొచ్చు, వేరే ఏదన్నా కావాలా అని అడిగింది. పిట్ట చాలాసేపు చేతిలో గ్లాసు తిప్పింది. రేపు ఆ దుకాణంలో తన బల్ల దగ్గర ఇంకో అమ్మాయి కూర్చుంటుంది, ఆ తర్వాత ఇంకో అమ్మాయి అంది. పోలీసులకు చెప్తాను, పిలవండి అంది. పిన్నికి శభాష్ అనాలనిపించింది, అనలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. పిన్నిని గుర్తుపట్టి, ఓ, ఫ్రెండు అంటే ఈ అమ్మాయా అన్నట్టు తల పంకించింది. తోడు ఉండొచ్చు, ఉండకపోవచ్చు, మీ ఇష్టం అని పిట్టకు చెప్పింది. పిట్ట తల వంచుకుని, పిన్ని వేళ్లతో ఆడుకుంటూ అంది.

"నువ్వు బయట కూర్చుంటావా పిన్నీ? నువ్వు నన్నెప్పుడూ ఇప్పట్లాగే చూడాలి."

పిన్నికి కలుక్కుమంది. నిన్నట్నుంచి అన్నం తింటున్నా, బస్సెక్కుతున్నా బుర్రలో తొలుస్తున్నది ఒకటే ప్రశ్న. ఎవడు వాడు? దుకాణం యజమానా, ఆయన బావమరిదా, అద్దాలు అరగదీసే నంగనాచి మొహంవాడా? ముల్లును పిలిచి అడిగే రోజు ఇన్నాళ్లకు వచ్చింది, ఆ పేరు ఇప్పుడు ఈ గదిలోనే బయటపడబోతోంది. ఆవిడ లేచి, పిట్ట తల నిమిరి, బయటికొచ్చి తలుపు వేసింది.

తలుపు సరిగా పడలేదు. గడియ అరిగిపోయి, వేలెడు సందు మిగిలింది. ఆ సందు పక్కనే కుర్చీ. ఇదేదో తనకోసమే వేసినట్టుందే అనుకుంటూ పిన్ని కూర్చుంది. లోపల కాగితం చప్పుడైంది. ఇన్‌స్పెక్టరమ్మ, నిదానంగా చెప్పు తల్లీ అంది. పిట్ట గొంతు సవరించుకుంది. ఆదివారం దుకాణానికి సెలవండీ, సరుకు సర్దడానికి రమ్మని ఫోను చేసిందెవరంటే...

పిన్ని దిగ్గున లేచింది. తలుపు సందు వైపు చూడకుండా, వరండాలో అటు చివరిదాకా నడిచింది. అక్కడ మంచినీళ్ల యంత్రం ఒకటి బుర్రుమని రొద పెడుతోంది. దాని పక్కన, గోడకానుకుని నిలబడింది. మధ్యలో యంత్రం రొద ఆగిపోతే, గ్లాసు పట్టి కాసిని నీళ్లు వదిలి మళ్లీ మోగించింది. తాగడానికి పొట్టలో చోటు లేక ఆ నీళ్లన్నీ కిటికీ అవతలి మొక్కకు పోసింది. ఆ మొక్కకు పుట్టి బుద్ధెరిగాక అన్ని నీళ్లు దొరికి ఉండవు.

ఎప్పటికో తలుపు తెరుచుకుంది. పిట్ట బయటికొచ్చి పక్కనున్న కుర్చీ చూసింది, ఖాళీగా ఉంది. కంగారుగా అటూ ఇటూ వెతికి, వరండా చివర గ్లాసు పట్టుకుని నిలబడ్డ పిన్నిని చూసి దగ్గరికి నడిచివచ్చింది.

"ఇక్కడున్నావేంటి? తలుపు దగ్గరే కుర్చీ వేశారుగా."

"అక్కడ కూర్చుంటే వినబడుతోందే," అంది పిన్ని.

పిట్ట ఆవిడ వైపు అలాగే చూసింది. ఆదివారం నుంచి ఒక్క చుక్క కన్నీరు కార్చని పిల్ల, పిన్ని భుజం మీద మొహం పెట్టి, చిన్నపిల్లలు ఏడ్చినట్టు నోరు తెరిచి, వరండా అంతా మోగేలా ఏడ్చింది. పిన్ని ఊరుకోమనలేదు, ఎందుకని అడగలేదు. చీటీల లైన్లో ఉన్నవాళ్లు, మందుల కిటికీ దగ్గరున్నవాళ్లు, అందరూ తలలు తిప్పి చూశారు. ఈసారి పిట్ట పారిపోలేదు.